విదేశాల్లో పీజీకి వెళ్తున్నారా? ఇంగ్లిష్‌లో అసైన్‌మెంట్ రాయడం తిరుపతిలోనే ఇలా నేర్చుకోండి

పోయిన వారం మా కొర్లగుంట వీధిలో ఉండే ఒక అమ్మాయి స్వీట్ బాక్స్ తీసుకుని మా ఇంటికి వచ్చింది. ఇంగ్లండ్‌లో ఫుడ్ సైన్స్ ఎమ్మెస్సీకి సీటు, వీసా రెండూ వచ్చేశాయి. సెప్టెంబరులో ప్రయాణం. కారప్పొడి ఎంత, ఊరగాయ ఎంత అని అప్పుడే లెక్కలు మొదలయ్యాయట. వెళ్లబోతూ గుమ్మం దగ్గర ఆగి, "అక్కా, ఐఈఎల్‌టీఎస్ రైటింగ్‌లో ఆరున్నర వచ్చింది. అక్కడ అసైన్‌మెంట్లు రాసేదానికి అది చాలు కదా?" అని అడిగింది.

చాలదమ్మా అన్నాను. ఆ ఇంగ్లిష్ పరీక్షలో వ్యాసానికి 40 నిమిషాల్లో 250 పదాలు, మనకు తోచింది రాస్తే సరిపోతుంది. ఈ మాట ఎక్కడిది అని ఎవరూ అడగరు. అక్కడ అసైన్‌మెంట్ అంటే రెండు మూడు వేల పదాలు. ప్రతి ముఖ్యమైన మాటకీ ఆధారం చూపాలి. నేను పీజీకి విదేశం వెళ్లిన కొత్తలో రాసిన మొదటి అసైన్‌మెంట్ వెనక్కి వచ్చినప్పుడు, మార్జిన్‌లో ఆరు చోట్ల ఒకే ప్రశ్న ఉంది: "హౌ డు యు నో?" నీకెట్లా తెలుసు? గ్రామర్ తప్పులను మా ప్రొఫెసర్ పెద్దగా పట్టించుకోలేదు. ఆ ఒక్క ప్రశ్నకు జవాబు ఇస్తూ రాయడమే అకడమిక్ రైటింగ్ అని నాకు అర్థం కావడానికి ఒక సెమిస్టర్ పట్టింది. మీకు అంత కాలం పట్టకూడదనే ఇది రాస్తున్నాను. ఇందులో చాలా భాగం ఫ్లైట్ ఎక్కకముందే, ఇక్కడ ఇంట్లో కూర్చునే చేయొచ్చు.

1. ప్రశ్నలో ఏం చేయమన్నారో చూడండి

డిస్క్రైబ్ అంటే ఉన్నది ఉన్నట్టు చెప్పాలి. కంపేర్ అంటే రెండింటినీ పక్కపక్కన పెట్టి పోలికలు, తేడాలు చూపాలి. క్రిటికల్లీ ఎవాల్యుయేట్ అంటే ఒక వాదన ఎక్కడ నిలబడుతుంది, ఎక్కడ నిలబడదు అని తూచి, చివరికి మీ తీర్పు చెప్పాలి. మన పిల్లలు ఎక్కువగా మార్కులు పోగొట్టుకునేది ఈ మూడోదాని దగ్గరే. టాపిక్ గురించి తెలిసిందంతా రాసేస్తారు, అడిగింది మాత్రం రాయరు. డిగ్రీలో అడిషనల్ షీట్లు ఎన్ని తీసుకుంటే అన్ని మార్కులు అనుకున్న అలవాటు అది.

ప్రశ్నతో పాటు మార్కింగ్ రూబ్రిక్ కూడా ఇస్తారు. దేనికి ఎన్ని మార్కులో అందులో ఉంటుంది. దాన్ని ప్రింట్ తీసి టేబుల్ ముందు గోడకు అంటించుకోండి.

2. చదివేటప్పుడే నోట్స్‌లో గీత గీయండి

ఒక రిసెర్చ్ పేపర్‌ని మొదటి లైన్ నుంచి చివరి లైన్ దాకా చదవొద్దు. ముందు అబ్‌స్ట్రాక్ట్ (పేపర్ మొదట్లో ఉండే సారాంశం), తర్వాత కన్‌క్లూజన్, ఆ తర్వాత బొమ్మలూ టేబుళ్లూ చూడండి. మీ ప్రశ్నకు పనికొస్తుందనిపిస్తేనే మిగతాది చదవండి.

లాంగ్ నోట్‌బుక్ ఒకటి తీసుకుని పేజీని మూడు నిలువు భాగాలు చేయండి. మొదటి భాగంలో రచయిత పేరు, సంవత్సరం, పేజీ నంబరు. రెండో భాగంలో ఆయన చెప్పింది. మూడో భాగంలో మీరు అనుకున్నది: ఒప్పుకుంటున్నారా, అనుమానం ఉందా, ఇంకో పేపర్‌తో తగువు పడుతోందా. రెండో భాగానికీ మూడో భాగానికీ మధ్య ఉన్న గీతే ముఖ్యం. నెల రోజుల తర్వాత నోట్స్ తిరగేసినప్పుడు ఏది మీ మాట, ఏది వాళ్ల మాట అని గుర్తుండదు. ఆ గీత లేక నేను ఇబ్బంది పడ్డాను.

జరిగింది చెప్తాను. మొదటి సెమిస్టర్‌లోనే రెండో అసైన్‌మెంట్‌కి మూడు పేపర్లలోంచి వాక్యాలు తీసుకుని, అక్కడక్కడా పదాలు మార్చి, మధ్యలో అతుకులు వేసి రాశాను. ఆ మూడు పేపర్ల పేర్లూ చివర్లో పెట్టాను కాబట్టి అంతా సరిగ్గానే చేశాననుకున్నాను. మన రాత ఇంకెవరి రాతతో కలుస్తోందో చూపే సాఫ్ట్‌వేర్ టర్నిటిన్. దాని రిపోర్టులో పేజీలు పేజీలు రంగులతో నిండిపోయాయి. నన్ను మీటింగ్‌కి పిలిచారు. కాపీ కొట్టలేదని చెప్తూ ఏడ్చేశాను. మోసం కింద రాయలేదు, సరైన పద్ధతి కాదని మార్కులు తగ్గించి వదిలేశారు. ఇంటర్ నుంచి డిగ్రీ దాకా టెక్స్ట్‌బుక్‌లో ఉన్నది ఉన్నట్టు రాస్తే ఫుల్ మార్కులు వచ్చాయి. అదే అలవాటు అక్కడ తప్పవుతుందని బయలుదేరే ముందు నాకు ఎవరూ చెప్పలేదు. ఆ బాధ ఇంకా ఉంది.

3. సొంత మాటల్లో రాయడానికి తెలుగుని వాడుకోండి

పారాఫ్రేజ్ చేయమంటే చాలామంది ఇంగ్లిష్ వాక్యం ఎదురుగా పెట్టుకుని ఒక్కో పదానికీ ఇంకో పదం వెతుకుతారు. ఇంపార్టెంట్ తీసి సిగ్నిఫికెంట్ పెడతారు. వాక్యం ఒళ్లు అలాగే ఉంటుంది, చొక్కా మాత్రం మారుతుంది. టర్నిటిన్ పట్టుకుంటుంది, చదివే ప్రొఫెసర్ ఇంకా ముందే పట్టుకుంటారు.

రెండు భాషలు తెలిసిన మనకు అంతకంటే మంచి దారి ఉంది. పేరా చదవండి. ల్యాప్‌టాప్ మూసేయండి. అందులో ఏముందో తెలుగులో పైకి చెప్పండి, ఇంట్లో వాళ్లకు చెప్తున్నట్టు. చెప్పిందాన్ని ఇప్పుడు ఇంగ్లిష్‌లో రాయండి. ఆఖర్న అసలు పేరా తెరిచి అర్థం చెడిందేమో, పదాల వరస అలాగే దిగిపోయిందేమో సరిచూసుకోండి.

ఆ అమ్మాయితో ఆ సాయంత్రమే ఇది చేయించాను. చిత్తూరు వైపు పల్ప్ ఫ్యాక్టరీల్లో తోతాపురి కాయల నుంచి గుజ్జు తీశాక మిగిలే తొక్క గురించి ఏదో చదువుతోంది. ఇంగ్లిష్‌లో అది నాలుగు లైన్ల వాక్యం: మామిడి ప్రాసెసింగ్‌లో వచ్చే ఉప ఉత్పత్తులు, వాటిని పారేయడం వల్ల పర్యావరణానికి ఇబ్బంది, తొక్కలో పెక్టిన్, దాన్ని వెలికితీసే అవకాశం, అన్నీ ఒకే వాక్యంలో. మూసేసి తెలుగులో చెప్పమన్నాను. కాసేపు తడుముకుని, "తొక్క ఊరికే పారేస్తా ఉన్నారు, కుళ్లి కంపు కొడుతుంది. కానీ దాంట్లో జామ్ గట్టిపడేదానికి వేసే పెక్టిన్ ఉంది, తీసుకోవచ్చు" అంది. అంతే. ఇప్పుడు దీన్ని ఇంగ్లిష్‌లో రాయమంటే రెండు చిన్న వాక్యాలు వచ్చాయి. మొదటిది తొక్క వృథా అవుతోందని, రెండోది అందులోంచి పెక్టిన్ తీయొచ్చని. పక్కన రచయిత పేరు, సంవత్సరం పెట్టింది. అసలు పేరాతో పోల్చి చూస్తే మామిడి, తొక్క, పెక్టిన్ అనే పదాలు తప్ప ఏదీ కలవలేదు. ఆ మూడింటినీ మార్చకూడదు కూడా, అవి ఆ సబ్జెక్టు మాటలు.

ఒక హెచ్చరిక. ఈ పద్ధతి చదివింది అర్థం చేసుకోవడానికే. మొత్తం అసైన్‌మెంట్ తెలుగులో రాసి ఇంగ్లిష్‌లోకి మార్చొద్దు. ఎందుకో కింద అయిదో అడుగులో చూస్తారు.

4. ఎవరి మాట వాళ్ల పేరుతో

ఏ పద్ధతిలో సైటేషన్ (ఆ మాట ఎవరిదో, ఎక్కడిదో చూపే వివరం) ఇవ్వాలో కోర్సు హ్యాండ్‌బుక్‌లో ఉంటుంది. సోషల్ సైన్సెస్‌లో ఎక్కువగా ఏపీఏ, అంటే ఇంటిపేరు, సంవత్సరం. ఇంజినీరింగ్‌లో ఎక్కువగా ఐట్రిపుల్‌ఈ, అంటే చదరపు బ్రాకెట్లో నంబరు. ఏపీఏలో ఒకరి మాటను ఉన్నదున్నట్టు కోట్ చేస్తే పేజీ నంబరు కూడా ఇవ్వాలి. ఇవన్నీ చేత్తో రాసుకుంటూ కూర్చోవద్దు. జొటెరో అనే సాఫ్ట్‌వేర్ ఉచితం. ఈ రోజే దించుకుని, చదివిన ప్రతి పేపర్‌నీ అందులో వేస్తూ పోండి. అది ఇచ్చిన జాబితాను మాత్రం ఒకసారి కళ్లతో చూసుకోవాలి. ముఖ్యంగా మన తెలుగు రచయితల పేర్లు. మనకు ఇంటిపేరు ముందు వస్తుంది, చాలాసార్లు పొడి అక్షరాల్లోనే ఉంటుంది. సాఫ్ట్‌వేర్ చివరి పదాన్నే ఇంటిపేరు అనుకుంటుంది. పేపర్ మీద ఎలా అచ్చయిందో చూసి సరిచేయండి.

శాతాల గురించి ఒక అపోహ ఉంది. మన దేశంలో థీసిస్‌లకు యూజీసీ 2018లో తెచ్చిన నిబంధనల్లో 10 శాతం దాకా పోలిక ఉంటే శిక్ష లేదు. అక్కడా 10 శాతం దాటకపోతే చాలని అనుకుంటారు. టర్నిటిన్ చూపేది పోలికను మాత్రమే. అది దొంగతనమా కాదా అన్నది మనిషి చూసి తేలుస్తారు. కోట్ మార్కులు పెట్టి సరిగ్గా చూపిన వాక్యాలతో శాతం పెరిగినా తప్పు కాదు. శాతం ఎంత తక్కువున్నా, అందులో పేరు చెప్పకుండా ఎత్తుకొచ్చిన ఒక్క పేరా ఉంటే అది తప్పే.

5. పేరాలో చెప్పాల్సింది ముందు చెప్పండి

తెలుగులో క్రియ చివర్లో వస్తుంది. మాట చెప్పే తీరు కూడా అంతే. ముందు కారణాలన్నీ చెప్పి, చివరికి అసలు సంగతికి వస్తాం. "రాత్రి కరెంటు పోయింది, మోటార్ ఆడలేదు, ట్యాంకులో నీళ్లు లేవు, అందుకే లేటయింది" అంటాం. వినేవాళ్లూ చివరి దాకా ఓపిగ్గా వింటారు. ఇంగ్లిష్ అసైన్‌మెంట్ చదివే మనిషి మొదటి వాక్యంలోనే లేటయింది అన్న మాట కోసం వెతుకుతారు. కారణాలు తర్వాత. అందుకే తెలుగులో రాసి మారిస్తే పదాలు ఇంగ్లిష్‌వే అయినా పేరా తలకిందులుగా ఉంటుంది.

రాసిన ప్రతి పేరా చివరి వాక్యం ఒకసారి చూడండి. పదిలో ఏడెనిమిది సార్లు మీ అసలు మాట అక్కడ దాక్కుని ఉంటుంది. దాన్ని ఎత్తి మొదట్లో పెట్టండి. తర్వాత ఆధారం, ఆ ఆధారం మీ మాటను ఎలా నిలబెడుతుందో ఒకటి రెండు వాక్యాలు. ఒక పేరాకి ఒకే విషయం.

"నౌ ఎ డేస్" అని మొదలుపెట్టకండి. "ప్లేస్ ఎ వైటల్ రోల్" అన్నది కూడా తీసేయండి. మామిడి పరిశ్రమ ఆర్థిక వ్యవస్థలో వైటల్ రోల్ పోషిస్తోంది అంటే చదివేవాళ్లకు ఏమీ తెలియదు. తొక్క పెక్టిన్‌కి పనికొస్తుంది అంటే తెలుస్తుంది.

6. వాక్యం దగ్గర మనం జారే చోట్లు

తెలుగులో "కాయలు కడిగి, తొక్క తీసి, ఎండబెట్టి, పొడి చేసి, వేడి యాసిడ్‌లో ఉడికించి పెక్టిన్ తీశాం" అని ఒక్క ఊపులో చెప్తే ఎంత హాయిగా ఉంటుందో! ఇంగ్లిష్‌లో అదే గొలుసు వేస్తే నాలుగు అండ్‌లు, రెండు ఆఫ్టర్‌లు వచ్చి ఎవరు ఏం చేశారో తెలియకుండా పోతుంది. మూడు వాక్యాలుగా విరగ్గొట్టండి. ఒక వాక్యం 25 పదాలు దాటితే ఎక్కడ తెగుతుందో చూడండి.

ఎ, ది ఎక్కడ పెట్టాలన్నది మనందరి బాధ. తెలుగులో అవి లేవు. నాకు పనికొచ్చిన కిటుకు ఒకటి చెప్తాను. ఆ వాక్యాన్ని తెలుగులో అనుకుని, పేరుకు ముందు "ఆ" పెడితే సహజంగా ఉంటుందా చూడండి. ఉంటే ది. "ఒక" పెడితే బాగుంటే ఎ. రెండూ అక్కర్లేకపోతే, అంటే మామూలుగా మామిడి తొక్క గురించి మాట్లాడుతుంటే, ఏదీ వద్దు. అన్ని చోట్లా పనిచేయదు, చాలా చోట్ల చేస్తుంది.

రిసెర్చెస్, ఎక్విప్‌మెంట్స్, ఇన్ఫర్మేషన్స్, సాఫ్ట్‌వేర్స్ అని బహువచనం చేయకూడదు. డిస్కస్ అబౌట్ తప్పు, డిస్కస్ చాలు. పాస్డ్ అవుట్ అంటే అక్కడ స్పృహ తప్పి పడిపోవడం, గ్రాడ్యుయేటెడ్ అనాలి. లక్షలు, కోట్లు అక్కడి వాళ్లకు తెలియవు. 5 లక్షలు అంటే ఫైవ్ హండ్రెడ్ థౌజండ్, కోటి అంటే టెన్ మిలియన్.

7. ఎంత నమ్మకమో అంతే చెప్పండి

నాకు అన్నిటికంటే ఇష్టమైన అడుగు ఇది. అక్కడ దీన్ని హెడ్జింగ్ అంటారు. విదేశీ విద్య అనుకుని మన పిల్లలు టెన్షన్ పడతారు కానీ, ఇది మనకు పుట్టుకతో వచ్చిన విద్య.

కార్తీక మాసంలో పొద్దున్నే లేచి కిటికీ తీశారనుకోండి. శేషాచలం కొండలు మబ్బులో మునిగిపోయి కనబడట్లేదు. వాన గురించి మీరు ఎన్ని రకాలుగా చెప్పగలరో చూడండి. రాత్రి మేలుకుని కళ్లారా చూస్తే "వాన పడింది". పాలు పోసే అతను చెప్తే "వాన పడిందట". వాకిలి తడిగా ఉంటే "వాన పడినట్టుంది". ఊహ మాత్రమే అయితే "వాన పడి ఉండొచ్చు". ఒకే వాన, నాలుగు మాటలు. ప్రతి దాంట్లోనూ మీకెట్లా తెలుసో ఉంది. మా అమ్మమ్మ ఏ బడికీ వెళ్లలేదు. ఆవిడ కూడా "పడింది" అనాల్సిన చోట "పడిందట" అని ఎప్పుడూ అనలేదు.

ఇప్పుడు వీటిని ఇంగ్లిష్ పక్కన పెట్టండి. మీ ప్రయోగంలో మీరే కొలిచింది అయితే ఫౌండ్. వేరే వాళ్లు చెప్పింది అయితే రిపోర్టెడ్ అని పెట్టి వాళ్ల పేరు. ఆ "అట" ఎవరి నోటి మాటో చెప్పడమే సైటేషన్. గుర్తులను బట్టి తేల్చింది అయితే ది రిజల్ట్స్ సజెస్ట్, లేదా అపియర్స్. ఊహ అయితే మే, మైట్, కుడ్. ప్రూవ్స్ అనే మాట జోలికి మీరు వెళ్లాల్సిన అవసరం దాదాపు రాదు. పది శాంపిల్స్‌తో చేసిన పని ఏదీ ప్రూవ్ చేయదు.

ఒకరి మాట చెప్పేటప్పుడు వాడే క్రియలో మీ అభిప్రాయం కూడా ఉంటుంది. ఆయన షోస్ అని రాస్తే, నిజంగానే చూపించారని మీరు ఒప్పుకున్నట్టు. ఆర్గ్యూస్ అంటే వాదిస్తున్నారు, మీరింకా ఏ పక్కా కాదు. క్లెయిమ్స్ అంటే మీకు అనుమానం ఉన్నట్టు. అన్నిటికీ సేస్ వాడకండి. ఇలాంటి వాక్యాల అచ్చులు మాంచెస్టర్ యూనివర్సిటీ వాళ్ల అకడమిక్ ఫ్రేజ్‌బ్యాంక్‌లో వరసగా ఉంటాయి, ఆన్‌లైన్‌లో ఉచితం. అందులోంచి వారానికి అయిదు అచ్చులు తీసుకుని సొంత విషయంతో నింపి రాయండి.

అలాగని ప్రతి వాక్యంలో మే, పర్‌హాప్స్, పాసిబ్లీ మూడూ పెట్టొద్దు. మామిడి తొక్కలో పెక్టిన్ ఉంది. అక్కడ మే అక్కర్లేదు.

8. ఇంట్రడక్షన్ ఆఖర్న రాయండి

జాన్ స్వేల్స్ అనే భాషావేత్త రిసెర్చ్ పేపర్ల ఇంట్రడక్షన్లను పరిశీలించి, వాటిలో మూడు కదలికలు కనబడతాయని 1990లో చెప్పారు. ఈ విషయం ఎందుకు ముఖ్యమో చెప్పడం, ఇప్పటిదాకా జరిగిన పనిలో ఖాళీ ఎక్కడుందో చూపడం, ఆ ఖాళీలో నేను ఏం చేయబోతున్నానో చెప్పడం. అసైన్‌మెంట్‌కీ ఇది సరిపోతుంది. మధ్య భాగం రాయకుండా మూడోది ఎవరూ చెప్పలేరు, అందుకే ఆఖర్న.

9. ఏఐ గురించి

మీ కోర్సు నిబంధనలు ముందు చదవండి. కొన్ని చోట్ల స్పెల్లింగ్, గ్రామర్ సరిచూసుకోవడానికి ఒప్పుకుంటారు, కొన్ని చోట్ల వాడింది రాసి చెప్పమంటారు, కొన్ని చోట్ల అస్సలు వద్దంటారు. ఒకే యూనివర్సిటీలో రెండు సబ్జెక్టులకు రెండు రూల్స్ ఉండొచ్చు. చాట్‌జీపీటీ ఇచ్చిన రెఫరెన్సుల్లో అసలు లేని పేపర్లు కూడా వస్తాయి, కాబట్టి మీరు తెరిచి చదవని పేపర్‌ని మీ జాబితాలో పెట్టొద్దు.

10. అడగండి

అక్కడ చాలా యూనివర్సిటీల్లో రైటింగ్ సెంటర్ ఉంటుంది. డ్రాఫ్ట్ పట్టుకుని వెళ్తే పక్కన కూర్చుని చూపిస్తారు, వేరే ఫీజు ఉండదు. మన వాళ్లు అక్కడికి వెళ్లడం నామోషీ అనుకుంటారు. అక్కడి పిల్లలే క్యూలో ఉంటారు. ప్రొఫెసర్‌కి మెయిల్ రాసేటప్పుడు రెస్పెక్టెడ్ సర్, కైండ్లీ డూ ది నీడ్‌ఫుల్ వద్దు. డియర్ డాక్టర్ అని ఇంటిపేరు పెట్టి, నాలుగు లైన్లలో ఏం కావాలో నేరుగా అడగండి. మనకు పొగరులా అనిపిస్తుంది, వాళ్లకు అదే మర్యాద.

ఇప్పటి నుంచి ప్రయాణం దాకా ఏం చేయాలంటే

రోజుకు గంట చాలు. మీ సబ్జెక్టులో ఒక అబ్‌స్ట్రాక్ట్ తీసుకోండి. మూసేసి తెలుగులో చెప్పండి, ఇంగ్లిష్‌లో 100 పదాలు రాయండి, పోల్చుకోండి. వారానికి ఒకసారి అయిదు అబ్‌స్ట్రాక్టులను కలిపి, మొదటి వాక్యంలోనే అసలు మాట ఉండేలా ఒక పేరా రాయండి. వీలైతే మీతో పాటు వెళ్తున్న ఇంకొకరిని కలుపుకోండి. ఎస్వీయూ చెట్ల కింద బెంచీ మీద కూర్చుని ఒకరి పేరా ఒకరు పైకి చదవండి. వినేవాళ్లు ఒక్క పనే చేయాలి. ప్రతి వాక్యం దగ్గరా "నీకెట్లా తెలుసు?" అని అడగాలి. జవాబు లేని వాక్యం కింద పెన్సిల్‌తో గీత గీసి, ఆధారం వెతకండి, లేదా ఆ వాక్యం కొట్టేయండి.

ఆ అమ్మాయి నిన్న మళ్లీ వచ్చింది, మామిడి తొక్క మీద రాసిన పేరా చూపించడానికి. తొమ్మిది వాక్యాలు ఉన్నాయి, నాలుగింటి కింద పెన్సిల్ గీతలు. ఎవరు గీశారని అడిగాను. "నాన్న గీశారక్కా. ఇంగ్లిష్ నేనే తెలుగులో చెప్పినాను. ఆయన అడిగినారు" అంది.